సాఫ్ట్‌వేర్ పరీక్ష ఒక గొప్ప మేక

మొన్న నా పరువు ఎలా పోయిందో చెప్తా, నవ్వనని ముందు ఒట్టెయ్యండి. వద్దులెండి, ఎలాగూ నవ్వుతారు, ఆ పాపం దేనికి! మా ఆవిడ శోభ ఇప్పటికే మల్కాజ్‌గిరిలో మా గల్లీ మొత్తానికి చెప్పేసింది. ఆవిడ చెప్పేదాంట్లో మసాలా ఎక్కువ. అందుకే నా నోటితోనే వినండి. చాయ్ చల్లారేలోపు అయిపోతుంది.

నేను బోయిగూడలో శుభలేఖలు అచ్చేసే ప్రెస్సులో ప్రూఫ్ రీడర్ని. అంటే పెళ్ళికార్డు అచ్చుకి వెళ్ళేముందు తప్పులు దిద్దేవాణ్ణి. పెళ్ళికొడుకు పేరు ఉండాల్సిన చోట మేనమామ పేరు పడకుండా, పగటి ముహూర్తం రాత్రికి మారకుండా కాపలా కాసేవాణ్ణి. నేను దిద్దిన కార్డులతో పెళ్ళిళ్ళయినవాళ్ళ పిల్లలకి కూడా కార్డులు దిద్దాను. కానీ ఇప్పుడు కార్డులు ఎవరు కొట్టిస్తున్నారండీ? పాటపెట్టి ఓ వీడియో ఫోన్లో పంపేస్తే సరి! మా సేట్ ఒకరోజు పిలిచి విషయం చెప్పేశాడు.

"యాదగిరీ, వచ్చే నెల నుంచి ఫ్లెక్సీలే కొడ్తం. ఫ్లెక్సీల తప్పులుంటే ఎవ్వరు పట్టించుకోరు. నువ్వు జెర వేరే చూస్కో."

వేరే ఏం చూసుకోను? ఈ వయసులో నాకొచ్చిన విద్య ఒక్కటే, ఎదుటివాళ్ళ తప్పులు పట్టడం. ఇంటికొచ్చి అదే అంటే శోభ, "ఆ పని నేను ఇంట్ల ఊకెనే చేస్తున్న. నాకెవరిస్తున్నరు జీతం?" అంది.

అప్పుడు ఆదుకున్నది మా ప్రెస్సులో మిషన్ నడిపే ఖాదర్ భాయ్. "పరేషాన్ గాకు భాయ్. మారేడ్‌పల్లిల సింధు అని ఓ అమ్మాయి కంపెనీ పెట్టింది. ఫంక్షన్ హాళ్ళు బుక్ చేసే యాప్. దాంట్ల తెలుగు సరిగుందా లేదా చూడనీకె మనిషి కావాల్నట. టెస్టర్ అంటరట," అని నంబర్ ఇచ్చాడు. మర్నాడు పొద్దున ఇంట్లోంచే గుండె చిక్కబట్టుకుని ఫోన్ చేశా. ఆ అమ్మాయి ఎంత మర్యాదగా మాట్లాడిందో!

"అంకుల్, శనివారం మీకు ఒక మెయిల్ పంపుత. మా యాప్ల ఉండే తెలుగే, గని కావాల్నని తప్పులు పెట్టినం. అన్ని దిద్ది సోమవారం పొద్దుగాల ఆఫీసుకు పట్కరండ్రి. చూసి చెప్త."

ఇంతే జరిగింది. కానీ పక్కనుండి విన్న శోభ చెవిలో పడింది ఒక్క మాటే, 'యాప్'. సాయంత్రానికల్లా గల్లీలో నా హోదా మారిపోయింది. ఎదురింటి లక్ష్మి గేటు దగ్గర ఆపి, "అన్నా, సాఫ్ట్‌వేర్ల చేరుతున్నవట గదా! మా తమ్ముని రెజ్యూమ్ జెర మీ కంపెనీల ఇయ్యవా?" అంది. నేను కూడా తక్కువ తిన్నానా? "చూద్దాం తీయమ్మా," అన్నా, సీఈవో లెవెల్లో.

శనివారం మధ్యాహ్నం ప్రెస్సులో ఉండగా ఫోన్ టింగుమంది. మెయిల్! పైన పెద్దక్షరాలతో 'సాఫ్ట్‌వేర్ పరీక్ష: అత్యవసరం' అని ఉంది. చేతులు తుడుచుకుని తెరిచా. ఇదిగో, అందులో ఏముందో నాకు కంఠతా వచ్చేసింది, వినండి.

'ప్రియమైన లబ్ధిదారుడా, నమస్కారం ఉంది. సాఫ్ట్‌వేర్ పరీక్ష ఒక గొప్ప మేక. నిన్న సాయంత్రం లాగిన్ పేజీ తడిగా ఉన్నందున బగ్గులు కుటుంబంతో ప్రయాణించాయి. టెస్ట్ విఫలమైతే మీ అత్తగారి సర్వర్‌ను నెమ్మదిగా ఉడకబెట్టు. ఆశించిన ఫలితం మంగళవారం, వచ్చిన ఫలితం వంకాయ. నాణ్యత మీ మోకాలి నుండి ప్రారంభమవుతుంది. ఇక్కడ నొక్కు.'

మీరైతే ఏం చేసేవారు? మొదటి లైనుకే డిలీట్ కొట్టేవారు. నేనేం చేశానో తెలుసా? లేచి నిలబడ్డా! ఆనందంతో! ఏం పేపర్ ఇచ్చారండీ! కావాలనే తప్పులు పెట్టామని ఆ అమ్మాయి చెప్పనే చెప్పింది కదా. పేపర్ ఎంత కష్టంగా ఉంటే కంపెనీ అంత పెద్దదన్నమాట.

ప్రింటు తీసి ఖాదర్ భాయ్‌కి చూపించా. అతను రెండుసార్లు చదివాడు, కాగితం వెనక కూడా చూశాడు. "భాయ్, గిదేందో గడ్‌బడ్ లెక్కుంది. నడిమిట్ల మేక ఎందుకొచ్చింది?"

"ఖాదర్ భాయ్, పార్టీ ఇచ్చిన మేటర్ల మేక ఉంటే మేక ఉండాలె. మన పని మేకను ప్రశ్నించుడు గాదు. మేక చుట్టు తప్పుల్లేకుంట చూసుడు."

ఇది మా ప్రెస్సులో రూలు. కార్డు కొట్టించుకునేవాడు పార్టీ, వాడు రాసిచ్చింది మేటర్. అక్షరం దిద్దొచ్చు, మర్యాద పెంచొచ్చు, మేటర్ మాత్రం మార్చకూడదు. కొత్తలో ఓసారి పెళ్ళికొడుకు పేరు 'చిన్నోడు' అని ఉంటే, ముద్దుపేరు కాబోలు, బాగాలేదని తీసేశా. తీరా చూస్తే వాడి అసలు పేరే అదట! పెళ్ళివాళ్ళు ప్రెస్సు ముందు చేసిన గలాటా ఇప్పటికీ కల్లోకి వస్తుంది. ఆ రోజు నుంచి పార్టీ ఏం రాసిచ్చినా నేను నోరెత్తను.

ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, ఎర్ర పెన్ను తీసుకుని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నా. ముందు కంటికి కొట్టింది మర్యాద లేకపోవడం. 'లబ్ధిదారుడా' ఏంటండీ, కొట్టడానికొచ్చినట్టు! దాన్ని 'మహారాజశ్రీ లబ్ధిదారు గారికి' చేశా. 'గొప్ప మేక' మరీ చప్పగా ఉంది, 'శ్రేష్ఠమైన మేక' చేశా. బగ్గులు ఉత్తి కుటుంబంతో ప్రయాణించడమేంటి, 'సకుటుంబ సపరివార సమేతంగా ప్రయాణించినవి' అని రాశా. పైన ఖాళీగా ఉంటే చెయ్యి ఊరుకోక 'శ్రీరస్తు శుభమస్తు' కూడా వేసేశా.

శోభ చాయ్ తెచ్చి, భుజం మీదినుంచి చదవడం మొదలుపెట్టింది. అత్తగారి లైను దగ్గర ఆగింది.

"మీ అత్తగారి అంటే ఎవరు? మా అమ్మనా? మా అమ్మ ఏం జేసింది వాళ్ళకు? ఉడకబెట్టుడేంది?"

"మీ అమ్మను గాదే, సర్వర్‌ను."

"ఏదైతేంది? మా అమ్మది గదా!"

"అందుకే మర్యాద పెంచిన, చూడు. 'ఉడకబెట్టగలరు' అని మార్చిన."

ఆవిడ నా మొహం అదోలా చూసి, "గిది మతి ఉన్నోళ్ళు రాసిందేనా?" అంది. ఆ ఒక్క మాటకి నేను ఆగి ఉంటే ఈ కథే లేదు. ఆగలేదు. మంగళవారం దగ్గర మాత్రం కాసేపు తటపటాయించా. శుభమా అని పని మొదలుపెడుతూ మంగళవారమేంటి, బుధవారం చేద్దామా అని. మళ్ళీ మేటర్ మార్చకూడదు కదా, వదిలేశా. వంకాయని కూడా ముట్టుకోలేదు.

చివరి లైను మాత్రం నా జీవితంలోనే బాగా కుదిరిన దిద్దుబాటు. 'ఇక్కడ నొక్కు' అని ఉంది కదా. దాన్ని 'తామెల్లరు విచ్చేసి, ఇక్కడ నొక్కి, మమ్ము ఆనందింపజేయ ప్రార్థన' చేశా. నాకే కళ్ళు చెమర్చాయి.

మరి నువ్వు నొక్కావా అని అడుగుతారు. నేనెందుకు నొక్కుతాను? జీవితమంతా 'విచ్చేయ ప్రార్థన' అని దిద్దా, ఒక్క పెళ్ళికైనా వెళ్ళానా? ప్రూఫ్ రీడర్ చదువుతాడు, దిద్దుతాడు, అంతే. రాసినట్టు చెయ్యడు. ఆ అలవాటే నా బ్యాంకు ఖాతాని కాపాడిందని తర్వాత తెలిసింది.

ఎర్రసిరా కాగితం సోమవారం పట్టుకెళ్ళడానికి కవర్లో పెట్టా. అక్కడితో ఊరుకోవచ్చు కదా! దిద్దిన మేటరంతా శుభ్రంగా టైపు చేసి, వచ్చిన మెయిల్‌కే రిప్లై కూడా కొట్టా. చురుకైనవాడు అనుకుంటారని ఆశ. కింద అలవాటు ప్రకారం 'తప్పులు సరిచూసినది: యాదగిరి, మల్కాజ్‌గిరి' అని రాశా. ప్రతి ప్రూఫు కిందా అలా రాయాలి. అచ్చులో ఆ లైను తీసేస్తారనుకోండి. మన పేరు ఎవడిక్కావాలి?

చాయ్ గ్లాసు కింద పెట్టానో లేదో జవాబొచ్చింది! 'అభినందనలు! మీరు ఎంపిక చేయబడ్డారు. మీ బహుమతి సిద్ధం. ఇక్కడ నొక్కు.'

"శోభా! వచ్చేసింది! ఉద్యోగం వచ్చేసింది!"

"సోమవారం చూసి చెప్తనన్నది గదా?"

"చూడాల్సిన అవసరమే రాలే! జీతాన్ని బహుమతి అంటుండ్రు, ఎంత వినయమో చూడు!"

ఇక చూడండి సందడి. శోభ అప్పటికప్పుడు బ్రెడ్డు తెప్పించి డబుల్ కా మీఠా చేసింది. గిన్నెలు గల్లీలో అటూ ఇటూ తిరిగాయి. ఎదురింటి లక్ష్మి గిన్నెతో పాటు తమ్ముడి రెజ్యూమ్ తెచ్చి చేతిలో పెట్టింది. ఆ ఊపులో నేను మా సేట్‌కి ఫోన్ చేసి, "రేపటి నుంచి రాను సేట్, నేను సాఫ్ట్‌వేర్ల పడ్డ," అన్నా. బతిమాలతాడేమో అని చిన్న ఆశ ఉండింది.

"మంచిదే. నీ టేబుల్ తీసేస్తే ఫ్లెక్సీ మిషన్ పడ్తది," అన్నాడు సేట్. ఆదివారమని కూడా చూడకుండా సాయంత్రానికల్లా నిజంగానే తీసేశారని ఖాదర్ భాయ్ ఫోన్ చేసి చెప్పాడు. పోతే పోయిందిలే అనుకున్నా. మనం ఇప్పుడు శ్రేష్ఠమైన మేకలం కదా!

సోమవారం ఇస్త్రీ చొక్కా, నీళ్ళ బాటిల్, టిఫిన్ బాక్సు. శోభ ఎదురొచ్చింది. లోకల్ రైల్లో సికింద్రాబాద్ దిగి, ఆటో పట్టుకుని మారేడ్‌పల్లి చేరా. ఆఫీసంటే ఓ టిఫిన్ సెంటర్ పైన రెండు గదులు. నలుగురు పిల్లలు చెవుల్లో ఏవో పెట్టుకుని పనిచేసుకుంటున్నారు. కిటికీ దగ్గర ఓ మంచి కుర్చీ ఖాళీగా ఉంది. నాకోసమే ఉంచి ఉంటారని కూర్చుని, బాక్సు డ్రాయర్లో పెట్టేశా.

కాసేపటికి హెల్మెట్ తీస్తూ ఓ అమ్మాయి వచ్చింది. "నమస్తే. యాదగిరి అంకులేనా? నేను సింధు."

"నమస్తే మేడం! జాయిన్ అయిపోయిన."

"మంచిది గని అంకుల్, అది నా కుర్చీ."

లేచా. ఆ అమ్మాయి నవ్వాపుకుని, "మెయిల్ దిద్దిండ్రా?" అంది. నేను గర్వంగా కవర్లోంచి కాగితం తీసి ఇచ్చా. చదివింది. నా మొహం చూసింది. మళ్ళీ చదివింది.

"అంకుల్, ఈ మేక ఏంది?"

"మీదే మేడం. నేను మార్చలే. ఉత్త మర్యాద పెంచిన."

"నేను మేక పంపలేదంకుల్! హాల్ బుకింగ్ గురించి పంపిన! గీ వంకాయ... గీ మోకాలు... అయ్యో దేవుడా! అంకుల్, గిది స్పామ్!"

"అంటే?"

"అంటే దొంగ మెయిల్. మిషన్లు ఏవో మాటలు కలిపి, నోటికొచ్చిన తెలుగుల లచ్చల మందికి పంపుతయి. మాకైతే రోజు గిట్లాంటియే, టెస్టింగ్ మీద. ఏదీ మీ ఫోన్ ఇయ్యండి."

ఫోన్ తీసుకుని, నేనెప్పుడూ చూడని ఓ మూల తెరిచింది. స్పామ్ ఫోల్డరట, దొంగ మెయిళ్ళని ఫోనే పట్టి పడేసే చెత్తబుట్ట. బట్టతల మీద జుట్టు మొలిపించే నూనెకీ, విదేశీ లాటరీకీ మధ్య ఇరుక్కుని పాపం సింధు మెయిల్ బుద్ధిగా కూర్చుని ఉంది. శనివారం నుంచీ! కావాలని పెట్టిన తప్పులు చూసి ఫోను దాన్నే దొంగదనుకుందట.

"మరి నన్ను ఎంపిక చేసిండ్రు గద మేడం? అభినందనలు అన్నరు?" అన్నా నీరసంగా.

"వాళ్ళు అందర్ని ఎంపిక చేస్తరంకుల్. నన్ను సుత చేసిండ్రు."

లెక్క చూసుకున్నా. ప్రెస్సులో నా టేబుల్ లేదు. ఇంట్లో డబుల్ కా మీఠా లేదు, ఊరంతా తినేసింది. జేబులో ఎదురింటి తమ్ముడి రెజ్యూమ్ మాత్రం ఉంది. శోభకి ఏ మొహం పెట్టుకుని చెప్పను? దాచుకోవడం చేతకాక, సేట్‌తో చెప్పిన సంగతీ, టేబుల్ సంగతీ మొత్తం ఆ అమ్మాయితో కక్కేశా.

సింధు ఒక్కసారిగా గంభీరంగా అయిపోయి, "అంకుల్, ఒక్కటి చెప్పండి. లింకు నొక్కిండ్రా?" అంది.

"నొక్కుమని రాసుంటే దిద్దుత గని, నొక్కుతనా అమ్మా?"

అంతే! ఆ అమ్మాయి కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. 'మమ్ము ఆనందింపజేయ ప్రార్థన' అని పైకి చదువుతుంది, పడి పడి నవ్వుతుంది. చెవుల్లోవి తీసేసి ఆ నలుగురు పిల్లలూ వచ్చి నా కాగితం చుట్టూ మూగారు. అందరూ నవ్వుతుంటే నేనొక్కణ్ణీ ఏడవడం ఏం బాగుంటుందని నేనూ నవ్వా.

చివరికి కళ్ళు తుడుచుకుని సింధు అంది, "మావోళ్ళకు మా యాప్ చదువుమంటే రెండో లైన్ దాటరు. మీరు మోకాలి దాంక పోయిండ్రు. కూసోండ్రి, అసలుది ఇప్పుడు దిద్దండి. నచ్చితెనే ఉద్యోగం, మల్ల నన్ను అనొద్దు."

కూర్చున్నా. అందులో మేకలు లేవు, వంకాయల్లేవు, అన్నీ నాకు తెలిసిన ముహూర్తాలూ, హాళ్ళూ, విందులే. నా సొంత గల్లీలో నడిచినట్టే నడిచా. లంచ్ టైముకి ఇచ్చేశా. సింధు మొత్తం చూసి, "రేపటి నుంచి రండ్రి," అంది.

"ఇయ్యాల్నే వచ్చిన గదమ్మా! బాక్సు సుత నీ డ్రాయర్ల ఉంది."

ఇంటికెళ్ళి శోభకి ఉన్నదున్నట్టు చెప్పా. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వి, "అంటే నేను డబుల్ కా మీఠా ఒక దినం ముందుగాల పంచిన, గంతే గదా," అని తేల్చేసింది. ఎంత హాయిగా నిద్రపట్టిందో ఆ రోజు!

కథ ఇక్కడ అయిపోతే నేను ఇవ్వాళ మీ ముందు ఇలా తలొంచుకుని చాయ్ తాగేవాణ్ణి కాదు.

ఉద్యోగంలో చేరి వారం కూడా కాలేదు. ఓ పొద్దున ఆఫీసులో అందరి ఫోన్లూ ఒక్కసారే టింగుమన్నాయి. సింధు తన ఫోన్ చూసుకుని, మెల్లగా తల నా వైపు తిప్పింది. "అంకుల్. 'శ్రీరస్తు శుభమస్తు. మహారాజశ్రీ లబ్ధిదారు గారికి. సాఫ్ట్‌వేర్ పరీక్ష ఒక శ్రేష్ఠమైన మేక.' గిది మీదే గదా?"

నాదేనని ఒప్పుకోక తప్పలేదు. ఆ మిషన్లు అంతేనట! మనం రిప్లై కొడితే మన మాటలే మింగి, మళ్ళీ లోకమంతటికీ కక్కుతాయట. "ఇంతకుముందు వాళ్ళ తెలుగు సూడంగనే ఫిల్టర్ శానమట్టుకు పట్టేస్తుండె, మీకొచ్చినట్టు ఒకటో రెండో తప్పించుకుంటుండె. ఇప్పుడు పట్టుకోనీకె ఒక్క తప్పన్న ఉంటె గదా! దొంగోళ్ళకు ఫ్రీగ పని చేసిపెట్టిండ్రు గదంకుల్!" అంది సింధు, తల పట్టుకుని.

ఇంతలో ఖాదర్ భాయ్ ఫోన్. "భాయ్, ముబారక్! నీ పేరు మీద దావత్ వచ్చింది నాకు. ఏ హాల్ల? నొక్కుమన్నవ్, నొక్కాల్నా?"

"నొక్కకు భాయ్! నీకు దండం పెడ్త, నొక్కకు!"

తర్వాత మా సేట్ చేశాడు. తర్వాత ఎదురింటి లక్ష్మి, "అన్నా, ఇంట్ల శుభకార్యం పెట్టుకోని మాకు నోటితోని చెప్పలేదు," అని నిష్ఠూరం. ఆ రోజంతా నా పని అదే, 'నొక్కకండి, నొక్కకండి' అని ఊరంతటినీ బతిమాలడం. అదృష్టం బాగుండి, నాకు తెలిసినవాళ్ళెవరూ నొక్కలేదు. అందరూ శుభలేఖ అనుకుని, చదివి పక్కన పడేశారట. శుభలేఖకి మనవాళ్ళిచ్చే మర్యాద అదే కదా!

సాయంత్రం ఒక్కణ్ణే కూర్చుని ఆ మెయిల్ చివరిదాకా చదివా. చిట్టచివర, అచ్చులో ఎప్పుడూ తీసేసే ఆ లైను, ఈసారి ఎవరూ తీయలేదు. 'తప్పులు సరిచూసినది: యాదగిరి, మల్కాజ్‌గిరి.' ఇన్నేళ్ళు ఇన్ని పెళ్ళికార్డులు దిద్దా, ఒక్కదాని మీద నా పేరు పడలేదు. ఇప్పుడు పడింది, లక్షల మందికి అందింది. నిజం చెప్పొద్దూ, అంత సిగ్గులోనూ ఎర్ర పెన్ను తీసి మళ్ళీ ఒక్కసారి చూశానండీ. ఒక్క అక్షరం తప్పు లేదు!